చెరిపేసిన మూడు గొంతులు

"మబ్బూ! కాస్త భూమ్మీదకి దిగుతావా తల్లీ?"

టీచర్ అలా పిలవగానే క్లాసంతా గొల్లుమంది. మబ్బు ఉలిక్కిపడి ముందుకి తిరిగింది.

అప్పటిదాకా ఆ పిల్ల కిటికీలోంచి నదిని చూస్తోంది. మధ్యాహ్నం రెండు దాటినా నీళ్ల మీద పొగమంచు వీడలేదు. వంతెన ఇవతలి సగమే కనిపిస్తోంది. అవతలి సగాన్ని ఎవరో మడతపెట్టి పట్టుకుపోయారని, ఇంక అటు వెళ్లడానికి దారే లేదని, మబ్బు తీరిగ్గా ఊహించుకుంటోంది. అలా ఊహిస్తుంటే ఎంత హాయిగా ఉందో!

ఆ పిల్లకి అందమైన పేరొకటి ఉంది లెండి. పాపం, అది హాజరు పట్టీలోనే ఉండిపోయింది. ఎప్పుడు చూసినా గాల్లో తేలుతూ ఉంటుందని ఇంటా బయటా అందరూ మబ్బు అనే పిలుస్తారు.

మబ్బు పక్కన కూర్చునేది మిణుగురు. మందపాటి కళ్లద్దాలు ఎండ తగిలినప్పుడల్లా తళుక్కుమంటాయని ఆ పేరు. ఇద్దరిదీ మొదటి బెంచీ. బోర్డు మీద టీచర్ ఏం రాసినా, మిణుగురు మాత్రం మబ్బు నోట్‌బుక్‌లోకి తొంగిచూసి రాసుకుంటుంది. 'నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి కదా, అందుకే' అని మబ్బు లోలోపల మురిసిపోతూ, పుస్తకాన్ని కాస్త అటు జరుపుతూ ఉంటుంది.

ఆ బడికి రెండే గదులు. ముప్ఫై ఒక్కమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, అందరికీ కలిపి ఒకే ఒక్క టాబ్లెట్. దానికీ ఓ మూల అద్దం పగిలింది.

"శనివారం మీటింగ్ ఉంది, తెలుసు కదా?" అంది టీచర్. "మన బడిని ఉంచాలా, లేక మూసేసి మిమ్మల్ని వంతెన అవతలి పెద్దబడిలో కలిపెయ్యాలా అని ఆఫీసర్ మేడమ్ అందరినీ అడుగుతారు. మరి శనివారం కూడా పనికి వెళ్లేవాళ్ల సంగతేంటి? వాళ్ల మాట ఎలా తెలుస్తుంది?"

"రికార్డ్ చేద్దాం టీచర్!" అని వెనక బెంచీ అరిచింది.

"అదే నేనూ అనుకున్నా. మబ్బూ, మీ అమ్మ లాండ్రీ బట్టలు ఇంటింటికీ ఇచ్చేది నువ్వే కదా. ఎవరి తలుపు ఎక్కడుందో నీకంటే బాగా ఎవరికి తెలుసు? ఈ టాబ్లెట్ పట్టుకెళ్లి అందరి మాటా తీసుకురా."

మబ్బు గుండె ఝల్లుమంది. సంతోషంతో సగం, భయంతో సగం. పెద్దబడి అంటేనే ఆ పిల్లకి హడల్. వెయ్యిమంది పిల్లలట. గదిగదికీ గోడంత స్క్రీనట. అక్కడ తనని మబ్బు అని పిలిచేవాళ్లు ఎవరుంటారు? టీచర్‌ని ఇంకెక్కడికో పంపించేస్తారట. ఈ కిటికీ ఉండదు. ఈ నది ఉండదు. బడి పోకూడదు, అంతే.

ఆ సాయంత్రం ఇస్త్రీ బట్టల మూట ఒక చేత్తో, టాబ్లెట్ ఇంకో చేత్తో పట్టుకుని బయల్దేరింది.

మొదట బేకరీ మామయ్య. మోచేతుల దాకా పిండి.

"మూసేస్తారా? ఎవరు మూసేది? నేను చదివిన బడి అది! నా పిల్లలు చదివిన బడి!" అని మొదలుపెట్టాడు. మొత్తం పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. అందులో తొమ్మిది నిమిషాలు, నాలుగో తరగతిలో తను గెలిచిన పరుగు పందెం గురించే. మబ్బుకి విసుగనిపించలేదు. వెచ్చటి రొట్టెల వాసనలో ఆ మాటలు వింటుంటే, పొట్ట లేని చిన్న బేకరీ మామయ్య నది ఒడ్డున పరిగెడుతున్నట్టే కనిపించింది.

గడియారాలు బాగుచేసే పెద్దాయన, పాల డిపో అక్క, మందుల షాపు బాబాయి... ఒక్కొక్కరూ చెబుతూ పోయారు. బడి ఉండాలి, ఉండాలి, ఉండాలి. ప్రతి గొంతూ టాబ్లెట్లో ఓ చిన్న గీతగా మారి కూర్చుంది.

మూడోనాడు టైలర్ అత్త దగ్గరికి వెళ్లింది. టైలర్ అత్త అంటే మిణుగురు వాళ్లమ్మ. ఆసుపత్రికి పరదాలు కుట్టే పనిలో ఉంది. నేలంతా ఆకుపచ్చ గుడ్డే. మబ్బు దాన్ని తొక్కకుండా అంచుల వెంట నడుచుకుంటూ వెళ్లి టాబ్లెట్ ముందు పెట్టింది.

అత్త మిషన్ ఆపింది. గొంతు సవరించుకుంది. కొంగుతో మొహం కూడా తుడుచుకుంది, ఫోటో తీస్తున్నట్టు.

"నన్నడిగితే... ఈ బడి మూసేస్తేనే మంచిదమ్మా. ఎందుకంటే..."

మబ్బు వేలు దానంతటదే బటన్ మీద పడింది. టక్!

"అయిపోయిందత్తా! థాంక్యూ!"

"అదేంటే, ఇంకా మొదలే పెట్టలేదు!"

"ఒక్కొక్కరికీ ఇంతే టైమ్ అత్తా," అనేసి, వెనక్కి చూడకుండా బయటపడింది. బేకరీ మామయ్యకి పన్నెండు నిమిషాలిచ్చిన పిల్ల ఇది!

బస్ డ్రైవర్ మామయ్య కూడా అదే పాట. "మూసెయ్యడమే నయం" అన్నాడు. టక్. పోస్ట్‌మ్యాన్ తాత "రోజులు మారిపోయాయి మనవరాలా, ఇంకా ఈ రెండు గదులేంటి?" అన్నాడు. టక్.

శుక్రవారం సాయంత్రం మబ్బు లాండ్రీలో, ఉతికిన దుప్పట్ల గుట్టకి ఆనుకుని కూర్చుని అన్నీ మళ్లీ వింది. ఇస్త్రీ ఆవిరితో గదంతా తెల్లగా ఉంది. చెవుల్లో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. కళ్లు మూసుకుంటే వీధి వీధంతా వచ్చి ఆ ఆవిరిలో తన చుట్టూ కూర్చున్నట్టుంది. అందరూ నవ్వు మొహాలతో, అందరూ తన వైపే.

అంతలో ఆ గొంతు. "మూసేస్తేనే మంచిదమ్మా."

మబ్బు కళ్లు తెరిచింది. మొత్తం పదిహేడు గొంతులు. మూడు మాత్రం వద్దంటున్నాయి. గీత పక్కనే చెత్తబుట్ట బొమ్మ ఉంది. నొక్కింది. 'నిజంగా తీసెయ్యాలా?' అని టాబ్లెట్ అడిగింది. ఆ టాబ్లెట్ అయినా అడిగింది గానీ, మన మబ్బు మాత్రం తనని తాను అడగలేదు. 'అవును' అని నొక్కేసింది. మూడుసార్లు.

ఇప్పుడు పద్నాలుగు. అన్నీ ఒకటే మాట.

అప్పుడే వాళ్లమ్మ బల్ల కింద దూరి ఏదో వెతుకుతోంది. మోచేతులకి దుమ్ము, జుట్టుకి దారాలు.

"ఏం పోయిందమ్మా?"

"చివరింటి వాళ్ల పాప సాక్స్. ఒకటే దొరికింది. గంట నుంచి వెతుకుతున్నా."

"ఒక్క సాక్సే కదా. వాళ్లు అడగరేమో."

"అడక్కపోతే మాత్రం? నమ్మి మన చేతిలో పెట్టారు." అమ్మ బల్ల కింద నుంచే అడిగింది, "అన్నట్టు, అందరి మాటలూ వచ్చాయా?"

"ఆఁ... వచ్చాయమ్మా."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, మబ్బు దుప్పట్లలోకి మొహం దూర్చేసుకుంది.

శనివారం వచ్చింది. బడి పెద్దగది కిటకిటలాడిపోయింది. పెద్దవాళ్లు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చుంటే మోకాళ్లు గడ్డాలకి తగులుతున్నాయి. కొట్టు కాసేపు మూసి వచ్చిన బేకరీ మామయ్య అయితే కూర్చున్నాడు గానీ, మళ్లీ లేవగలడో లేదో అని పిల్లలు పందాలు కాసుకున్నారు.

ఆఫీసర్ మేడమ్ మెల్లగా మాట్లాడే మనిషి. పెన్నూ కాగితాలూ ముందు పెట్టుకుంది. టీచర్ టాబ్లెట్‌ని స్పీకర్‌కి కలిపింది. మబ్బు పక్కనే నిలబడి ఒక్కో గీతనీ నొక్కింది.

పద్నాలుగు గొంతులూ గదిలోకి వచ్చి వెళ్లాయి. ప్రతి దానికీ చప్పట్లే చప్పట్లు. మేడమ్ కళ్లజోడు పైకి జరుపుకుంది.

"ఆశ్చర్యంగా ఉందే! నలుగురు కూర్చుంటే నాలుగు మాటలు వస్తాయి. ఇక్కడ ఒక్కరు కూడా వద్దనలేదా?"

"ఎందుకంటారండీ! మా బడి మాకే ఉండాలి!" అన్నాడు బేకరీ మామయ్య. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

మేడమ్ పెన్ను తీసింది. మబ్బు ఊపిరి బిగబట్టింది. ఇంక రాసేస్తుంది. బడి ఉండిపోతుంది.

"మేడమ్..."

మొదటి బెంచీలోంచి మిణుగురు లేచింది. మామూలుగా నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు.

"మా అమ్మ మాట ఇంకా రాలేదు. అమ్మ కూడా చెప్పింది. ఏం చెప్పాలా అని రెండ్రోజులు కాగితం మీద రాసుకుంది. ఏం రాశావమ్మా అంటే, మీటింగ్‌లో విను అంది." చుట్టూ చూసింది. "పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నా."

గది గుసగుసలాడింది. టీచర్ టాబ్లెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "లేదే. పాతది కదా, ఎక్కడో పోయినట్టుంది. అయ్యో!"

"ఈ మెషీన్లని నమ్ముకుంటే ఇంతే మరి!" అన్నాడు బేకరీ మామయ్య. అందరూ నవ్వారు.

మబ్బు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఎంత తేలిక! నోరు మూసుకుంటే చాలు. తప్పంతా ఈ పగిలిన టాబ్లెట్ మీదకే పోతుంది. అది తిరిగి మాట్లాడదు కూడా.

కానీ మిణుగురు మెల్లగా కూర్చుంది. కళ్లద్దాలు తీసింది. ఒళ్లో పెట్టుకుని, గౌను అంచుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. తల ఎత్తడం లేదు.

మిణుగురుని ఇలా మబ్బు ఎప్పుడూ చూడలేదు.

"టాబ్లెట్ ఏం చెయ్యలేదు టీచర్." గొంతు ఎవరిదో అన్నట్టు బయటికొచ్చింది. "నేనే చెరిపేశాను."

"ఎందుకమ్మా?" అంది మేడమ్.

"అత్త... బడి మూసేస్తేనే మంచిది అంది."

"ఆ తర్వాత ఏమంది?"

అవును, ఆ తర్వాత అత్త ఏమనబోయింది?

"తెలీదు మేడమ్. నేను ఆపేశాను."

మిణుగురు కళ్లద్దాలు లేని కళ్లతో మబ్బు వైపు చూసింది. ఆ చూపుకి మబ్బు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. టాబ్లెట్ స్పీకర్ నుంచి పీకి, గుండెకి హత్తుకుని, "ఇప్పుడే వస్తా! రాయకండి మేడమ్! దయచేసి రాయకండి!" అంటూ బయటికి పరుగెత్తింది.

వీధిలో మంచు ఇంకా అలాగే ఉంది. ఇళ్లు సగం సగం తేలుతున్నాయి. ఇంకో రోజైతే మబ్బు ఆగి చూసేది. ఇవాళ రెండు వీధులూ ఒక్క పరుగులో దాటేసింది.

టైలర్ అత్త మిషన్ టకటకలాడుతోంది. ఎదుట మబ్బుని చూసి ఆపింది.

"ఏమైందే? ఆ రొప్పేంటి?"

"అత్తా, నీ మాట నేను చెరిపేశాను. టైమ్ అయిపోయిందని అబద్ధం చెప్పాను. మళ్లీ చెప్పు అత్తా. మొత్తం చెప్పు."

అత్త కుడుతున్న పరదాని మడిచి పక్కన పెట్టింది. మబ్బు తలొంచుకుని నిలబడింది. తిట్టినా బాగుండుననుకుంది. చివరికి అత్త ముక్కాలిపీట ఇటు లాగింది. "ఊఁ, కూర్చో" అంది. మబ్బు కూర్చుని బటన్ నొక్కింది.

"ఈ బడి మూసేస్తేనే మంచిదని నాకనిపిస్తోంది," అని మొదలుపెట్టింది. మబ్బు పెదవి కొరుక్కుంది గానీ కదల్లేదు.

"ఎందుకంటే, మా పిల్లకి బోర్డు కనబడదు. మొదటి బెంచీలో కూర్చున్నా కనబడదు. అద్దాలు మూడుసార్లు మార్చాం. ఇంక అద్దాలతో అయ్యేది కాదు, అక్షరమే పెద్దది కావాలన్నాడు డాక్టరు. టీచర్‌కి చెప్పొద్దని మా పిల్ల ఒట్టు వేయించుకుంది. చెబితే ఎక్కడ పంపించేస్తారోనని దాని భయం. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెడుతున్నాను. పక్కపిల్ల నోట్స్ చూసి రాసుకుంటుంది. ఆ పిల్ల మంచిది. ఒక్కరోజు కూడా పుస్తకం మూసుకోలేదు."

మబ్బు చెవులు వేడెక్కాయి. ముత్యాల్లాంటి అక్షరాలట! తను అనుకున్నదేంటి, ఉన్నదేంటి!

"కానీ ఎన్నాళ్లని పక్కవాళ్ల పుస్తకంలో చూస్తుంది? పెద్దబడిలో స్క్రీన్ మీద అక్షరాన్ని వేళ్లతో లాగితే పెద్దదవుతుందట. మా పిల్ల తన కళ్లతో తను చదువుకోవాలి. అంతే నాకు కావలసింది. ఈ బడిలో నేనూ చదివాను. దీని మీద నాకు కోపమేం లేదు. ఆ స్క్రీనేదో ఇక్కడికే వస్తే నేనెందుకు మూయమంటాను? రాదు కాబట్టి అంటున్నాను."

అత్త ఆగింది. మబ్బు ఆపలేదు. ఇంకేమైనా ఉందేమోనని చూసింది.

"అంతేనమ్మా," అంది అత్త. అప్పుడు మబ్బు బటన్ నొక్కి ఆపింది.

బడికి తిరిగొచ్చేసరికి ఒక్కరు కూడా కదల్లేదు. మబ్బు మాట్లాడకుండా టాబ్లెట్‌ని స్పీకర్‌కి కలిపింది. తన వేలితోనే నొక్కింది. ఈ మాట విన్నాక బడి పోవచ్చు. ఆ సంగతి తెలిసే నొక్కింది.

అత్త గొంతు గదంతా నిండింది. చప్పట్లు లేవు. మిణుగురు రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "టీచర్‌కి చెప్పొద్దని ఒట్టు" అన్నచోట టీచర్ లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది.

అంతా అయ్యాక బేకరీ మామయ్య గొంతు సర్దుకున్నాడు.

"ఆ పిల్లకి బోర్డు కనబడదని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు. ఈసారి అరవలేదు. "నేను నా పరుగు పందెం గురించే చెప్పుకుంటూ కూర్చున్నాను."

మేడమ్ ముందున్న కాగితంలో రెండే గళ్లు ఉన్నాయి. ఒకటి ఉంచాలి, ఇంకోటి మూసెయ్యాలి. ఆవిడ దాన్ని తిరగేసింది. తెల్లగా ఉన్న వెనక వైపు రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది.

"ఇది ఇవాళే తేలేది కాదు," అంది తల ఎత్తకుండానే. "ఒక్క స్క్రీన్ ఇటు తేవడం తేలికో, ముప్ఫై ఒక్కమంది పిల్లల్ని అటు పంపడం తేలికో కూడా లెక్క చూడాలి. సరే, ఇంక అందరి మాటలూ అయినట్టేనా?"

అందరూ తలలూపారు. కొందరు లేవబోయారు కూడా. బేకరీ మామయ్య నిజంగానే లేవలేకపోయాడు.

"అవ్వలేదు మేడమ్," అంది మబ్బు. "ఇంకో రెండు చెరిపేశాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకింది. మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేక పెన్నుకి మూత పెట్టేసింది.

"వెళ్లిరా తల్లీ. మేం ఎక్కడికీ పోం."

మబ్బు గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అడుగులు వినిపించాయి. మిణుగురు. కళ్లద్దాలు పెట్టుకుంది. మొహం ముడుచుకునే ఉంది.

"నీ మీద నాకింకా కోపం పోలేదు," అంది.

"ఊఁ," అంది మబ్బు.

"మంచులో మెట్లు కనబడవు నాకు. చెయ్యి పట్టుకో."

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని బస్‌స్టాండుకి నడిచారు. డ్రైవర్ మామయ్య బస్సు మెట్టు మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"మామయ్యా, మొన్న నిన్ను సగంలోనే ఆపేశాను. మళ్లీ చెబుతావా?"

"నేను మూసెయ్యమనే కదా అన్నాను," అన్నాడు మామయ్య, అనుమానంగా చూస్తూ. "ఇప్పుడూ అదే చెబుతాను మరి. నీకు నచ్చదు."

"చెప్పు మామయ్యా."

టాబ్లెట్ బటన్ నొక్కి దాన్ని ఆయన పక్కన మెట్టు మీద పెట్టింది మబ్బు. తర్వాత కింద చతికిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కూర్చుంది.